డ్యాంపింగ్‌ని తెలుగులో ఏమందాం? 'అవరుద్ధం' నాకైతే మింగుడుపడట్లేదు

ఇంటర్ తెలుగు మీడియం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అవరుద్ధ డోలనాలు. నేను స్టీల్ బిల్డింగుల డిజైన్ చేస్తుంటాను, మొన్న సైట్‌లో ఫోర్‌మన్‌గారికి డ్యాంపింగ్ అంటే ఏంటో చెప్పాల్సొచ్చి ఈ మాట వాడబోయి ఆగిపోయా. అవరుద్ధం అంటే దారి మూసేసినట్టు ఉంది, ఇక్కడ ఎవరూ ఏదీ ఆపట్లేదు, ఊపు మెల్లమెల్లగా తగ్గుతుంది అంతే.

ఉక్కు తనంతట తాను ఊపుని పెద్దగా తగ్గించుకోదు, గంటలా మోగుతూనే ఉంటుంది. బోల్టులేసిన జాయింట్‌లో మాత్రం బిల్డింగ్ ఊగినప్పుడల్లా ప్లేట్లు అంచుల దగ్గర కంటికి కనపడనంత జారి ఒరుసుకుంటాయి, ఊపు కాస్తా వేడైపోతుంది. వెల్డింగ్‌లో ఒరుసుకోడానికి రెండు ముఖాలు ఎక్కడివి? అందుకే 1973 అమెరికా అణువిద్యుత్ గైడ్‌లో పెద్ద భూకంపానికి వెల్డింగ్ స్టీల్‌కి 4 శాతం, బోల్టుల స్టీల్‌కి 7 శాతం డ్యాంపింగ్ ఇచ్చారు (అటూఇటూ ఊగనివ్వకుండా నిలబెట్టేసేంత డ్యాంపింగ్‌ని వంద అనుకుంటే). మన భూకంప డిజైన్ కోడ్ ఐఎస్ 1893లో 2002లో స్టీల్‌కి 2, కాంక్రీటుకి 5 ఉండేది, 2016లో అన్నిటికీ 5 చేసేశారు, బోల్టా వెల్డా అన్న ఊసే లేదు, నాకది నచ్చలేదు.

నా ఓటు 'సద్దుమణగడం'కి.

— సద్దు అంటే చప్పుడు కదండీ, బిల్డింగ్ ఊపుకి చప్పుడెందుకు? 'అణగడం' ఒక్కటి చాలు. అణిగే డోలనాలు. ఇంకోటి, ఫ్రిక్షన్‌ని ఘర్షణ అందామంటే ఇప్పుడు పేపర్లో ఇరువర్గాల గొడవే గుర్తొస్తోంది, రాపిడి అన్నా 'వాడి రాపిడి పడలేకపోతున్నా' అనే అర్థం ఉంది, మీరే వాడిన ఒరుసుకోవడం నుంచి 'ఒరిపిడి' తీసుకోండి, హాయిగా ఉంటుంది.

— అన్నా డౌటు, బోల్టులు కాస్త వదులు చేస్తే ఒరిపిడి పెరిగి ఇంకా బాగా అణుగుతుందా?

— లేదు తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు 😀 వదులైతే జారుడు ఉంటుంది గానీ ఒరిపిడి బలం ఉండదు, మరీ బిగిస్తే బలం ఉంటుంది జారుడు ఉండదు, ఖర్చయ్యే శక్తి ఆ రెంటి గుణకారం. అయినా బిగింపు చూసేది జాయింట్ బలం కోసం, డ్యాంపింగ్ దాంతోపాటు వచ్చేదే. ఇంకో తమాషా, పుస్తకంలో గీసే వంపు గ్రాఫ్ గాలిలోనో నూనెలోనో ఊగేవాటిది, ఉత్త ఒరిపిడి అయితే ఊపు గీత గీసినట్టు తిన్నగా తగ్గి ఒకచోట టక్కున ఆగిపోతుంది. అక్కడైతే అవరుద్ధం అన్నా ఒప్పుకుంటా.

అణగడం బాగుందండీ, సద్దు వెనక్కి తీసుకున్నా. ఫోర్‌మన్‌గారు మాత్రం ముందు 'జాయింట్‌లో ప్లే (వదులు) ఉందంటారా సార్' అని కంగారుపడి, అంతా విన్నాక 'ఓహో, బోల్టు ఊపు తినేస్తదన్నమాట' అన్నారు.