ప్రొటాక్ డోసు పెంచితే పోయిన బ్యాండ్ తిరిగొస్తోంది: ఇది డిగ్రేడేషనేనా?

బెంచ్‌మేట్:
బీఆర్‌డీ4 అనే ప్రొటీన్ మీద కొత్త ప్రొటాక్ (ఎంచుకున్న ప్రొటీన్‌ని కణం చేతే నాశనం చేయించే, రెండు కొసల అణువు) ఒకటి పరీక్షిస్తున్నాం. ఒక కొసన బీఆర్‌డీ4ని పట్టుకునే జేక్యూ1, రెండో కొసన వీహెచ్ఎల్‌ని (ప్రొటీన్లకు నాశనపు గుర్తు వేయించే ప్రొటీన్) పట్టుకునే లిగాండ్, మధ్యలో రెంటినీ కలిపే పెగ్ లింకర్. హెలా కణాలకు 24 గంటలు ఇచ్చి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ ఎంతుందో బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేస్తే 100 నానోమోలార్ దగ్గర బ్యాండ్ దాదాపు మాయం. 1 మైక్రోమోలార్ దగ్గర సగం కనిపిస్తోంది, 10 మైక్రోమోలార్ దగ్గర, మందు లేకుండా ద్రావకం డీఎంఎస్ఓ ఒక్కటే ఇచ్చిన లేన్‌కి సమానం. మూడుసార్లు చేసినా అంతే. కాంపౌండ్ మీడియాలో కరగక కిందికి దిగిపోతోందని ఒకరు, లింకర్ మార్చమని ఇంకొకరు అంటున్నారు. ముందు ఏం చూడాలి?

లింకర్‌లెక్క:
లింకర్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది హుక్ ఎఫెక్ట్. ప్రొటాక్ పని పెళ్ళిళ్ళ పేరయ్య పని: బీఆర్‌డీ4నీ వీహెచ్ఎల్‌నీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఊళ్ళో పేరయ్యలు మరీ ఎక్కువైతే వధువు దగ్గర ఒకడు, వరుడి దగ్గర ఇంకొకడు తిష్ట వేస్తారు, ఆ ఇద్దరూ ఎదురుపడరు. 10 మైక్రోమోలార్ దగ్గర జరిగేది అదే. రెండు ప్రొటీన్లకూ వేర్వేరు అణువులు అతుక్కుని, ముగ్గురూ కలిసిన కాంప్లెక్స్ తగ్గిపోతుంది.

కరగకపోవడమే కారణమైతే గ్రాఫ్ ఇలా ఉండదు. అడుగుకు దిగింది పోయినా ద్రావణంలో మిగిలింది పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, ఒక స్థాయి దాటాక గీత బల్లపరుపుగా సాగాలి, వెనక్కి తిరగకూడదు. అయినా మైక్రోస్కోప్ కింద స్ఫటికాలున్నాయేమో ఒకసారి చూడండి, రెండు నిమిషాల పని.

డోసులు 1 నానోమోలార్ నుంచి 10 మైక్రోమోలార్ దాకా 1, 3, 10, 30 వరసలో తొమ్మిది పెట్టండి. డీఎంఎస్ఓ అన్ని బావుల్లో 0.1 శాతమే ఉండాలి. ముఖ్యంగా 24 గంటలు వద్దు. బీఆర్‌డీ4 పోతే ఎన్నో జన్యువుల ట్రాన్స్‌క్రిప్షన్ పడిపోతుంది, కణాలు చావడం మొదలవుతుంది. అప్పుడు తగ్గిన ప్రతి బ్యాండ్ డిగ్రేడేషన్‌లాగే కనిపిస్తుంది. 2, 4, 8 గంటల దగ్గర చూడండి. అసలు డిగ్రేడేషన్ 4 గంటల్లోనే తెలిసిపోవాలి.

కంట్రోల్‌లేన్:
పై మాటకు తోడు, బీఆర్‌డీ4 ప్రొటియాసోమ్ (కణంలో ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం) దారిలోనే పోతోందని చూపించాలి. 100 నానోమోలార్, 4 గంటల దగ్గర ఈ లేన్లు తప్పనిసరి.

మొదటిది, ప్రొటాక్‌కి గంట ముందు ఎంఎల్ఎన్4924, 1 మైక్రోమోలార్. వీహెచ్ఎల్ పనిచేసేది కల్లిన్-2తో కలిసి. కల్లిన్‌కి నెడ్8 అనే చిన్న ప్రొటీన్ తగలకుండా ఈ మందు ఆపుతుంది. అది తగలకపోతే ఆ జంట పనిచేయదు, బ్యాండ్ నిలబడాలి. రెండోది ప్రొటియాసోమ్‌నే ఆపే ఎంజీ132, 10 మైక్రోమోలార్. దీన్ని మొత్తం 6 గంటలు దాటనివ్వకండి, ఆపైన కణం ఒత్తిడికి లోనై మీ ఫలితమే మారిపోతుంది.

మూడోది పోటీ: విడి జేక్యూ1 10 మైక్రోమోలార్ ముందుగా ఇచ్చి ఆపై ప్రొటాక్. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. జేక్యూ1 ఒక్కటే ఇచ్చినా బీఆర్‌డీ4 పరిమాణం పెరగొచ్చు. అందుకే ఈ లేన్‌ని డీఎంఎస్ఓతో కాక జేక్యూ1 ఒక్కటే ఇచ్చిన లేన్‌తో పోల్చాలి.

అన్నిటికన్నా బలమైనది, వీహెచ్ఎల్ లిగాండ్‌లోని హైడ్రాక్సీప్రోలిన్ దగ్గర ఓహెచ్ దిశ తిప్పేసిన జంట అణువు. ఇలాంటిదే అయిన ఎంజెడ్1 ప్రొటాక్‌కి సిస్-ఎంజెడ్1 ఉన్నట్టు. అది బీఆర్‌డీ4ని పట్టుకుంటుంది, వీహెచ్ఎల్‌ని పట్టుకోదు. దానితో కూడా బ్యాండ్ తగ్గితే మీ కథ వేరే. దాన్ని తయారు చేయకుండా పేపర్ రాయకండి.

బ్లాట్‌గది:
బ్లాట్ సంగతి ఎవరూ అడగలేదు. లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం) ఏమిటండీ?

బీఆర్‌డీ4 క్రొమాటిన్‌ని (ప్రొటీన్లతో చుట్టుకున్న డీఎన్ఏ) అంటుకుని ఉంటుంది. మెత్తటి ఎన్‌పీ-40 బఫర్ వాడితే చాలా భాగం పెల్లెట్‌లో ఉండిపోయి, మీరు పారేసే గొట్టంలోకి పోతుంది. జేక్యూ1 కొస దాన్ని క్రొమాటిన్ నుంచి విడదీస్తుంది. అంటే ఎక్కువ డోసు దగ్గర బఫర్‌లోకి వచ్చే బీఆర్‌డీ4 పెరగొచ్చు, హుక్ ఉన్నదానికన్నా పెద్దగా కనిపించొచ్చు. ఇంకా గట్టిదైన రిపా బఫర్‌లో డీఎన్ఏని కోసే బెంజోనేజ్ ఎంజైమ్ కలిపి గానీ, సోనికేట్ చేసి గానీ మొత్తం ప్రొటీన్‌ని తీయండి.

పొడవు రూపం జెల్ మీద 200 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తుంది. 6 శాతం జెల్, మిథనాల్ 10 శాతానికి తగ్గించి, 30 వోల్టుల మీద రాత్రంతా 4 డిగ్రీల్లో వెట్ ట్రాన్స్‌ఫర్. ఆ జెల్‌లో 37 కిలోడాల్టన్ల జీఏపీడీహెచ్ కింద నుంచి జారిపోతుంది, లోడింగ్ కంట్రోల్‌గా విన్‌క్యులిన్ పెట్టుకోండి.

బెంచ్‌మేట్:
ఎన్‌పీ-40 బఫరే. పెల్లెట్ ఎప్పుడూ చూడలేదు. ముందు అదే మారుస్తాం. ఇది తేలాక ఇంకో ప్రశ్న: లిగాండే లేని కొత్త ప్రొటీన్ ఒకటి టార్గెట్‌గా పనికొస్తుందా అని చూడాలి. దానికీ ప్రొటాక్ చేయాలా?

లింకర్‌లెక్క:
వద్దు. లిగాండ్ వెతకడానికే ఏళ్ళు పట్టొచ్చు, ఆ ప్రొటీన్ అంత శ్రమకు తగినదో లేదో ముందు తెలియాలి. డీట్యాగ్ పద్ధతి వాడండి. క్రిస్పర్‌తో ఆ జన్యువు కొసకు ఎఫ్‌కేబీపీ12 ఎఫ్36వీ అనే ట్యాగ్ ముక్క జోడించి, ఆ ట్యాగ్‌ని పట్టుకునే ప్రొటాక్ లాంటి మందు డీట్యాగ్-13 లేదా వీహెచ్ఎల్‌తో పనిచేసే డీట్యాగ్-వీ1 500 నానోమోలార్ ఇస్తే సరి. నాకౌట్ చేసిన కణాలు వారాల తరబడి సర్దుకుపోతాయి, ఇక్కడ గంటల్లో ప్రొటీన్ పోయినప్పటి తొలి ప్రభావం కళ్ళకు కడుతుంది.

జన్యువు ప్రతులన్నిటిలోనూ ట్యాగ్ పడాలి, ఒక్కటి మిగిలినా ప్రొటీన్ మిగులుతుంది. పీసీఆర్‌తో పాటు బ్లాట్‌లో బ్యాండ్ 12 కిలోడాల్టన్లు పైకి జరిగిందా, పాత చోట ఏమీ మిగల్లేదా చూడండి. మందు ఇవ్వకముందే ట్యాగ్ వల్ల ప్రొటీన్ తగ్గిపోయి ఉంటే రెండో కొసన పెట్టి చూడాలి. ట్యాగ్ లేని మాతృ కణాలకూ అదే డోసు ఇవ్వడం మరిచిపోకండి. అక్కడ కూడా మార్పు వస్తే అది మీ ప్రొటీన్‌ది కాదు, మందుది.