కాటన్ దారంతో అల్లే స్వెటర్ సాగిపోతోంది, విప్పేయాలా?

ప్రశ్న: మా అక్క కూతురికి ఆరు నెలలు. హైదరాబాద్ ఎండలకి ఊలు వద్దని 4 ప్లై (సన్న రకం) కాటన్ దారంతో, 4 మి.మీ. సూదులతో చేతుల్లేని స్వెటర్ అల్లుతున్నాను. అడుగున రిబ్ (సాగే గీతల అంచు) బిగువు లేకుండా వేలాడుతోంది, పైగా సూది మొన తగిలితే చాలు దారం పోగులుగా విడిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు: విప్పేయండి, ఇప్పుడే అయితే నష్టం తక్కువ. ఊలు పోగులో సహజంగా వంపులుంటాయి కాబట్టి సాగినా వెనక్కి వస్తుంది, పత్తికి ఆ గుణం లేదండీ. 4 ప్లైకి 4 మి.మీ. పెద్ద సూది. స్వెటర్ ఒంటి భాగానికి 3.25 మి.మీ., రిబ్‌కి 2.75 తీసుకోండి. ముందు 15 సెం.మీ. ముక్క అల్లి, పాప బట్టలు ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాకే మధ్యలో 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి, స్వెటర్‌కి ఎన్ని కుట్లు వేయాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

జవాబు: పోగులు విడిపోతుంటే మరీ వాడి మొన లేని సూదులు వాడండి. మెర్సరైజ్డ్ కాటన్ (క్షారంతో శుద్ధిచేసి మెరుపు తెచ్చిన నూలు) అయితే నున్నగా ఉంటుంది, అంతగా విడిపోదు. ఉతికాక తీగ మీద మాత్రం వేయకండి, తడి కాటన్ బరువుకి స్వెటర్ పొడవు సాగుతుంది, తువ్వాలు మీద పరచి ఆరబెట్టండి.

జవాబు: మెడకీ చంకలకీ రిబ్ బదులు క్రోషే (కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లే) అంచు వేసి చూడండి, సాగదు. మా నరసాపురం వైపు లేసు అల్లేది నూలు దారంతోనే, అంచు ఎంత గట్టిగా నిలబడుతుందో! పెద్ద రంధ్రాల డిజైన్ మాత్రం వద్దు, పాప వేళ్లు ఇరుక్కుంటాయి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, విప్పేశాను. అంచుకి ఏ సైజు క్రోషే సూది వాడాలి?

జవాబు: 2.5 మి.మీ. సరిపోతుంది.