కొబ్బరి తోటకి చిన్న ట్రాక్టర్ కొనమంటారా?

కొత్తపేట తోట:

అందరికీ నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర. పోయినేడు నాన్నగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి వ్యవసాయం నేనే చూసుకుంటున్నాను. నాలుగెకరాల కొబ్బరి, అందులో కొంత కోకో, కొంత కర్పూరం అరటి. ఇది కాక రెండున్నర ఎకరాల వరి చేను. 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్ కొనాలా వద్దా అని మూడు నెలలుగా ఇంట్లో ఇదే మాట.

మా తోటలోకి వెళ్లాలంటే బోదె (చిన్న పంట కాలువ) మీద సిమెంటు పలక దాటాలి. టేపు పెట్టి కొలిచాను, వెడల్పు ఐదడుగుల రెండంగుళాలు. ఊళ్లో ఉన్నవన్నీ 45, 50 హార్స్‌పవర్ బళ్లు. అవి ఆ పలక మీద పట్టవు. పక్క రైతు కోత అయ్యాక, ఆయన్ని అడిగి, గట్టు కొట్టి చుట్టూ తిప్పి తేవాలి. మన తోట ఎప్పుడు దున్నాలో ఆయన చేను చెప్పాలన్నమాట.

పోయిన డిసెంబరులో అలాగే తెప్పించాం. డ్రైవర్ మంచివాడే, కానీ అంత బండి అరటి వరసల మధ్య ఎలా తిరుగుతుంది? గెలలకి పోటు పెట్టిన సరుగుడు కర్రలు నాలుగు విరిగాయి. ఒక గెల లేతగా ఉండగానే నేలపాలైంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే, ఒక కొబ్బరి చెట్టు మొదట్లో వేళ్లు తెగి, ఎర్రగా, కత్తిరించిన కరెంటు తీగల్లా మట్టిలోంచి పైకి లేచి ఉన్నాయి. నాన్న చేత్తో నాటిన చెట్టండి అది. మట్టి కప్పి వచ్చాను గానీ ఆ రోజు అన్నం సయించలేదు.

ఇక డబ్బు. ట్రాక్టర్, దాని వెనక తగిలించి దున్నే రోటావేటర్ కలిపి 6,70,000 చెప్పారు. 5 లక్షలు లోన్ తీసుకుంటే, పది శాతం వడ్డీ మీద ఐదేళ్లకి, ఆరు నెలలకోసారి కట్టే కిస్తీ 65,000 దాకా వస్తుంది. ఇప్పుడు కిరాయికి ఏడాదికి అయ్యేది తోటకి పన్నెండు గంటలు, వరికి రెండు పంటలకీ కలిపి పదిహేను గంటలు. గంటకి 1,300 చొప్పున 35,000 చిల్లర. ఈ లెక్క చూస్తే కొనకూడదు.

కానీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్లొదిలాక ఊరంతా ఒకేసారి దమ్ముకి (నాట్లకి ముందు నీళ్లు పెట్టి చేను బురదగా దున్నడానికి) దిగుతుంది. పోయిన సార్వాకి (తొలకరి వరి పంటకి) కిరాయి బండి కోసం తొమ్మిది రోజులు ఎదురుచూశాం. ఈలోగా నారు ముదిరిపోయింది. ఆ టెన్షన్ మళ్లీ పడలేను. చిన్న బండి మా ఒండ్రు నేలలో దమ్ము చేస్తుందా? నేనే నడుపుకోగలనా? వాడినవాళ్లు చెప్పండి.

ఆకివీడు రైతు:

అమ్మా, నేను వద్దనే చెప్తాను. ఏడాదికి 27 గంటల పనికి ఎవరూ బండి కొనకూడదు. మా ఊళ్లో ఇద్దరు కొన్నారు, పని లేక షెడ్లో ఉంచారు, కిస్తీలు మాత్రం తప్పలేదు. తోట వరకే అయితే పవర్ టిల్లర్ చూడండి, చాలా తక్కువలో వస్తుంది. కాకపోతే దాని వెనక రోజంతా నడవాలి, చేతులకి అదురు. అది మాత్రం ఒప్పుకుంటాను.

ముమ్మిడివరం రైతు:

చెల్లెమ్మా, నా దగ్గర అలాంటి 24 హార్స్‌పవర్ ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలూ లాగే) బండే ఉంది. మూడేళ్లలో 1,150 గంటలు తిరిగింది. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 రెండూ ఆ కోవలోవే, రెండూ నడిపి చూసుకోండి.

తోటలో దీనికి సాటి లేదు. పెద్ద బండి రెండు టన్నుల దాకా ఉంటుంది, వీటిలో కొన్ని ముప్పావు టన్ను కూడా ఉండవు. పెద్ద బండి తిరిగినంతగా నేల గట్టిపడదు. దింపు (కొబ్బరికాయ కోత) రోజున చిన్న ట్రక్కు తగిలించి కాయ రాశి దగ్గరకి నేనే చేరవేస్తాను.

అయితే బండి చిన్నది కదా అని చెట్టు మొదటి దాకా పోనివ్వకండి. కొబ్బరికి ఎక్కువ వేళ్లు చెట్టు చుట్టూ ఆరడుగుల లోపే ఉంటాయి. అంత మేర వదిలేసి, మిగతాది మూడు నాలుగు అంగుళాల లోతుకి మించకుండా తిప్పండి. మీ తోటలో గానోడెర్మా తెగులు చెట్టు ఒక్కటున్నా దాని చుట్టుపక్కల అసలు దున్నొద్దు. అది మట్టిలో ఉండి వేళ్లలోంచే ఎక్కుతుంది. అనుమానముంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి.

నడపడం మీరు వారంలో నేర్చుకుంటారు. గట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. వెడల్పు తక్కువ బండి, పక్కకి ఒరిగితే బోల్తా పడుతుంది. ఏటవాలు గట్టు ఎక్కాల్సొస్తే రివర్సులో ఎక్కండి. నేను ఒకసారి ముందుకు ఎక్కించబోతే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఆ క్షణం ఇప్పటికీ మర్చిపోలేదు.

దమ్ము చేస్తుంది, నిదానంగా. మోకాలు దిగే ఊబిలో మాత్రం దించకండి.

పాలకొల్లు మెకానిక్:

మేడమ్, దమ్ముకి వాడతానంటే ముందు యాక్సిల్ ఆయిల్ సీళ్లు చూసుకోవాలి. బురద సీలు దాటి లోపలికి పోతే ఆయిల్ పాల టీ రంగులోకి మారుతుంది. దమ్ము అయిన మర్నాడే కడిగి, డ్రైన్ బోల్టు కాస్త వదులు చేసి రంగు చూడండి. తోటలో ఇంకో సంగతి, కొబ్బరి పీచు, అరటి నార రోటావేటర్ ఇరుసుకి చుట్టుకుంటాయి. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే కోయాలి.

మీకు చెప్పిన ధర ఎప్పటిది? 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్ కాగితం మీద పన్ను విడిగా రాయించుకోండి. డెమో షోరూం ముందు కాదు, మీ పలక మీద, మీ చేలో పెట్టించండి.

కొత్తపేట తోట:

నిన్న డెమో అయిందండి. పలక మీద నేనే తోలాను. రెండు పక్కలా జానెడు చొప్పున మిగిలింది. నాన్న బోదె ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని, చక్రం అవతలి మట్టి తొక్కేదాకా చెయ్యి గాల్లోనే పెట్టుకున్నారు. అరటి వరసల్లో ఒక్క కర్ర తగల్లేదు.

తర్వాత చేను మూల పది సెంట్లకి ఇంజనుతో నీళ్లు పెట్టించి దమ్ము చేయించాను. ఒక సాలుకి, అంటే ఆ పది సెంట్లూ ఒకసారి తోలడానికి, ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అంటే ఎకరానికి నాలుగు గంటల పైన. ఆలస్యమే, కానీ నేను నిరుడు తొమ్మిది రోజులు ఎదురుచూశాను. రెండెకరాలు రెండేసి సాళ్లు తోలినా రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. మురుగు కాలువ పక్క అరెకరం ఊబి, దానికి పెద్ద బండినే పిలుస్తాను.

ఆకివీడు గారూ, మీ మాట తీసిపారేయలేదండి. కొటేషన్ అడిగితే నాకు చెప్పింది పాత పన్నుతో అని తేలింది. కొత్త ధర తీసుకుని, అటక మీది కురిడీ (ఎండు కొబ్బరి) అమ్మి, లోన్ 3 లక్షలకి కుదించాం. కిస్తీ 39,000కి దిగింది. అదే బోదె మీద ఇంకో ముగ్గురికి తొమ్మిదెకరాల తోటలున్నాయి, వాళ్ల పలకలూ ఇంతే ఇరుకు. గంటకి వెయ్యి ఇస్తామన్నారు. అయినా మొదటి రెండేళ్లు చేతి నుంచి పడుతుంది, ఆ డబ్బు పక్కన పెట్టుకున్నాకే సరేనన్నాను.

శుక్రవారం అడ్వాన్స్ ఇస్తున్నాం. పాలకొల్లు అన్నా, రోటావేటర్ మూడున్నర అడుగులది తీసుకోనా, నాలుగడుగులదా?

పాలకొల్లు మెకానిక్:

నాలుగడుగులదే తీసుకోండి. మీ బండి టైర్ల బయటి వెడల్పు మూడడుగుల ఎనిమిదంగుళాలు ఉంటుంది, మూడున్నరదైతే టైరు జాడ దున్నకుండా మిగిలిపోతుంది. బ్లేళ్ల బోల్టులు మొదటి రోజు సాయంత్రం ఒకసారి బిగించండి.