చర్చ: చైనా విదేశాంగ విధానాన్ని పక్క దేశాలు ఎలా చూస్తున్నాయి?

సూర్యాపేట_కుర్రోడు: జపాన్, వియత్నాం, ఫిలిప్పీన్స్, మనం... అందరికీ చైనా అంటే ఒకే రకం భయమా? అక్కడ ఉన్నవాళ్లు, పనిచేసినవాళ్లు చెప్పండి.

విశాఖ_సెయిలర్: మా ఓడలో సగం మంది ఫిలిపినోలే. వాళ్ల దగ్గర దక్షిణ చైనా సముద్రంలోని స్కార్‌బరో దిబ్బ పేరెత్తితే చాలు, మొహాలు మారిపోతాయి. 2012లో చైనా దాన్ని గుప్పిట్లోకి తీసుకుంది. ఆ సముద్రం దాదాపు అంతా తమదేనని చైనా చూపించే తొమ్మిది గీతల మ్యాపు చెల్లదని 2016లో హేగ్ ట్రిబ్యునల్ చెప్పింది. చైనా ఆ తీర్పునే ఒప్పుకోలేదు. అక్కడి జాలర్లకు ఇది విదేశాంగ విధానం కాదు, రోజూ కూలి.

బల్క్‌డ్రగ్_బాబాయ్: సముద్రం సంగతి సరే, ముడిసరుకు మాటేంటి? జీడిమెట్లలో మా యూనిట్ నడిచేదే చైనా సరుకుతో. యాంటీబయాటిక్ మందులకు ముడిసరుకైన పెన్సిలిన్-జి ఒకప్పుడు మన దేశంలోనే తయారయ్యేది. వాళ్లు ధర దించేశారు, మన ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కాకినాడలో మళ్లీ మొదలైంది ఈమధ్యే. నాకు అసలు టెన్షన్ ఇదీ.

గుంటూరు_గళం: శ్రీలంకను చూడండి. అప్పులిచ్చి హంబన్‌టోట పోర్టు లాగేసుకున్నారు. అందరికీ చేసేది అదే.

లెక్కల_మాస్టారు: లాగేసుకోలేదండీ. ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ అప్పుల లెక్కలు చదువుతున్నాను, వాట్సాప్ మాటలు ఇక్కడ వద్దు. 2017లో 99 ఏళ్ల లీజుకిచ్చి శ్రీలంక 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఆ డబ్బుతో పోర్టు అప్పు తీర్చలేదు, విదేశీ మారక నిల్వలకు వాడుకుంది. వాళ్ల నడ్డి విరిచింది ఎక్కువగా మార్కెట్లో అమ్మిన డాలర్ బాండ్లు.

గుంటూరు_గళం: మాస్టారూ, మరి 2022 ఆగస్టులో క్షిపణులు, ఉపగ్రహాల జాడ పట్టే చైనా నౌక యువాన్ వాంగ్ 5 ఆ పోర్టుకే ఎందుకొచ్చింది? మనం వద్దన్నా ఆగిందా? లీజు కాగితం చూపించి మాకు పాఠాలు చెప్పకండి.

లెక్కల_మాస్టారు: అది భద్రత విషయం, ఇది అప్పు విషయం. రెండూ కలిపేస్తే ఎలా?

మాజీ_జవాను: మీ బాండ్లు పక్కన పెట్టండి. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మందిని పోగొట్టుకున్నాం. కల్నల్ సంతోష్ బాబు ఈ ప్రశ్న అడిగిన కుర్రాడి ఊరివాడే. 2024 అక్టోబరులో గస్తీ ఒప్పందం కుదిరిందని మర్చిపోమంటారా? సంతకాలను కాదు, అవతల కట్టే రోడ్లను చూడాలి.

బల్క్‌డ్రగ్_బాబాయ్: అన్నా, మీ బాధకు దండం. కానీ రేపు సరుకు ఆగితే ఇక్కడ మందులూ ఆగుతాయి.

తోక్యో_తెలుగు: ఆగుతాయి! 2010లో రెండు దేశాలూ తమదేననే సెంకాకు దీవుల దగ్గర చైనా పడవ కెప్టెన్‌ను జపాన్ పట్టుకుంటే, మ్యాగ్నెట్లకు వాడే రేర్ ఎర్త్స్ అనే ఖనిజాల రవాణా జపాన్‌కు నిలిచిపోయింది. అప్పటినుంచి జపాన్ ఆస్ట్రేలియా గనుల్లో డబ్బు పెట్టింది. 2025లో చైనా ఆ మ్యాగ్నెట్ల ఎగుమతికి కళ్లెం వేసినప్పుడు మన కార్ల కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. పదిహేనేళ్లు మనమేం చేశాం?

సూర్యాపేట_కుర్రోడు: వియత్నాం గురించి ఒక్కరూ చెప్పలేదు.

హనోయి_రవి: నేను చెప్తా. 1979లో చైనాతో యుద్ధం చేశారు, 2014లో చైనా ఆయిల్ రిగ్ వస్తే వీధుల్లోకొచ్చారు. అయినా 2023 సెప్టెంబరులో బైడెన్‌ను, డిసెంబరులో జిన్‌పింగ్‌ను పిలిచి ఇద్దరికీ మర్యాద చేశారు. ఏ సైనిక కూటమిలోనూ చేరరు. మా ఫ్యాక్టరీకి విడిభాగాలు ఇప్పటికీ సరిహద్దు దాటి లారీల్లోనే వస్తాయి.

మాజీ_జవాను: వాళ్ల సైన్యం సంగతి కూడా రాయండి రవిగారూ, అది ఎవరూ రాయరు.