చండీగఢ్ ఇళ్లు కట్టింది కార్బ్యూజియే కాదటగా? ఫ్రై, డ్రూ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కొబ్బరాకు:
వచ్చే నెల ఆఫీసు పని మీద చండీగఢ్ వెళ్తున్నా. రెండు రోజులు ఖాళీ దొరుకుతుంది. కార్బ్యూజియే అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్టు గీసిన అసెంబ్లీ, హైకోర్టు ఎలాగూ చూస్తాను. ఊళ్లో ఇళ్లు మాత్రం ఎవరో ఇంగ్లిష్ భార్యాభర్తలు గీశారని మా కొలీగ్ అంటున్నాడు. నిజమేనా?

పాత_క్వార్టర్:
నిజమేనండి, కాకపోతే ఇద్దరు కాదు, ముగ్గురు. మాక్స్‌వెల్ ఫ్రై, ఆయన భార్య జేన్ డ్రూ, కార్బ్యూజియేకి దాయాది అయిన పియర్ జన్నెరె. మొదట ఈ ఊరి ప్లాను గీసే పని ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవిట్స్కీ అనే ఆర్కిటెక్టులది. 1950లో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో పోయాడు. కొత్తవాళ్లను వెతుకుతూ థాపర్, వర్మ అనే ఇద్దరు అధికారులు యూరప్ వెళ్లి ఫ్రై, డ్రూలను అడిగారు. కార్బ్యూజియేని కూడా కలుపుకోమని చెప్పింది ఫ్రై, డ్రూలే. ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాడు. వీళ్లు మూడేళ్లు అక్కడే కాపురం పెట్టి ఇళ్లు, బళ్లు, ఆసుపత్రి, దుకాణాలు గీశారు. పేరు మాత్రం ఎవరికొచ్చిందో చూస్తున్నారుగా!

మా బాబాయికి అక్కడ ప్రభుత్వోద్యోగం. చదువుకునే రోజుల్లో సెక్టార్ 22లో వాళ్ల క్వార్టర్‌లో రెండేళ్లున్నా. ముందుగా కట్టిన సెక్టార్ అదే. అప్పట్లో సిమెంటు, స్టీలు కరువు, ఇటుక మాత్రం దండిగా దొరికేది. అందుకే ఎక్కడ చూసినా గిలాబా లేని ఇటుక గోడలే. చిన్న కిటికీలు, వాటిపైన లోతైన సజ్జలు, గాలికి జాలీలు (చిల్లుల గోడలు), వెనక చిన్న పెరడు. మే నెలలో సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి మంచాలు వేసేవాళ్లం. జనం డాబాల మీద పడుకుంటారని వాళ్లు ముందే లెక్కలోకి తీసుకున్నారు. అది నాకు బాగా నచ్చింది.

నచ్చనిది జనవరి. ఎండ రాకుండా అంత కష్టపడి కట్టిన గదిలో చలికాలం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా పిన్ని కూరగాయలు కూడా బయట ఎండలో కూర్చునే తరిగేది.

నల్ల_రేగడి:
క్వార్టర్లను హోదాని బట్టి 13 రకాలుగా చేశారు కదా. అంకె పెరిగేకొద్దీ ఇల్లు చిన్నది. సమానత్వం అంటూ కట్టిన ఊళ్లో అడ్రసు చూస్తే జీతం తెలిసిపోతుంది!

పాత_క్వార్టర్:
ఒప్పుకుంటా. అయితే ఆఖరి రకం, అంటే ప్యూన్లకిచ్చే ఇంట్లో కూడా రెండు గదులు, వంటిల్లు, సొంత మరుగుదొడ్డి, పెరడు ఉంటాయి. 1950లలో మన దగ్గర ఏ బంట్రోతుకు అంత ఇల్లు దొరికింది?

సజ్జ_కింద:
వైజాగ్‌లో ఆర్కిటెక్ట్‌ని. చండీగఢ్ చూసొచ్చి మన తీరంలో అదే కాపీ కొట్టకండి, దయచేసి. అక్కడ వడగాలి పొడిగా ఉంటుంది, పగలు ఇల్లు మూసుకోవాలి. మన దగ్గర ఉక్కపోత, గాలి ఆడాలి. ఆ తేడా ఫ్రై, డ్రూలకు బాగా తెలుసు. చండీగఢ్‌కు ముందే పశ్చిమ ఆఫ్రికాలో పనిచేశారు. నైజీరియాలో ఇబదాన్ యూనివర్సిటీ చూడండి. గాలి ఒకవైపు నుంచి వచ్చి రెండో వైపు పోయేలా ఒకే గది లోతున్న సన్నటి భవనాలు, పొడవాటి బాల్కనీలు, చిల్లుల తెరలు. కాకినాడ, బందరుల్లో కట్టేవాళ్లకు పనికొచ్చేది అది. అనంతపురం వాళ్లు చండీగఢ్ చూడొచ్చు. 1956లో తేమ ప్రాంతాల భవనాల మీద ఇద్దరూ కలిసి పుస్తకం కూడా వేశారు.

పోయినేడు ఒక క్లయింటుకు జాలీ పెడదామంటే దుమ్ము, దోమలు అన్నారు. నిలువెత్తు గాజు పెట్టించుకున్నారు. ఇప్పుడు మూడు ఏసీలు.

నల్ల_రేగడి:
ఆఫ్రికాలో వీళ్లు కట్టిన బళ్లు, ఆ యూనివర్సిటీ బ్రిటిష్ వలస పాలన కింద మొదలైనవే. గాలి, ఎండ గురించి అంత మాట్లాడినవాళ్లు ఎవరి తరఫున కట్టారో కూడా చెప్పుకోవాలి.

థేమ్స్_గట్టు:
అదీ నిజమే. నేను లండన్‌లో ఉంటున్నా. ఇక్కడ కెన్సల్ హౌస్ అని ఫ్రై కట్టిన పాత ఫ్లాట్లున్నాయి, 1937 నాటివి. ఒక గ్యాస్ కంపెనీ కార్మికుల కోసం కట్టించింది. గ్యాస్ ట్యాంకు తీసేసిన గుండ్రటి చోటే నర్సరీ స్కూలుకి ఆకారం అయింది. తెల్లగా, సన్నగా ఉంటాయి. అదే మనిషి ఎర్ర ఇటుక సెక్టార్ 22కి ఎలా వచ్చాడా అనిపిస్తుంది. నా లెక్కలో డ్రూ ప్రభావం కొంత ఉంది. పెళ్లి 1942లో అయింది. ఆ యుద్ధకాలంలోనే ఆమె వంటగదుల డిజైన్ మీద పనిచేసింది, ఆడ ఆర్కిటెక్టులతోనే సొంత ఆఫీసు నడిపింది.

కొబ్బరాకు:
అందరికీ థాంక్సండి. సెక్టార్ 22 ఖాయం. క్వార్టర్ల లోపలికి రానిస్తారా?

పాత_క్వార్టర్:
జనం కాపురముంటున్న ఇళ్లండి, రోడ్డు మీద నుంచి చూడ్డమే. అక్కడే కిరణ్ సినిమా హాలు ఉంది, అదీ ఫ్రైదే. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు జాలీ నీడలు బాగుంటాయి.