జీతంలో టీడీఎస్ (జీతం ఇచ్చే ముందే కోసే పన్ను) ఎక్కువ పోతోంది, ఏడాది మధ్యలో తగ్గించుకోవడం ఎలా? (2025-26)

మియాపూర్_మెట్రో
గ్రాస్ జీతం ఏడాదికి 16 లక్షలు. బేసిక్ నెలకు 60,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 24,000, ఇంటి అద్దె 25,000. ఏప్రిల్‌లో పాత, కొత్త పన్ను విధానాల్లో ఏదీ ఎంచుకోలేదు. నెలకు 9,425 కోత పడుతోంది. ఇప్పుడు సెప్టెంబరు కదా, ఇంకా ఏమైనా చేయొచ్చా? పాత విధానానికి మారితే లాభమా?

పేరోల్‌డెస్క్
ఏదీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుందండి. మీ కోత లెక్క ప్రకారమే ఉంది. 16 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ (ఉద్యోగులకు నేరుగా ఇచ్చే తగ్గింపు) 75,000 పోతే 15,25,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు, 4-8కి 5 శాతం, 8-12కి 10 శాతం, 12-16కి 15 శాతం. మొత్తం 1,08,750, దానిమీద 4 శాతం సెస్. 1,13,100ని పన్నెండుతో భాగిస్తే మీ 9,425 వస్తుంది.

ఏడాది మొత్తం జీతం అంచనా వేసుకుని సెక్షన్ 192 కింద కంపెనీ నెలనెలా కోస్తుంది. ఆ అంచనా మారితేనే కోత మారుతుంది. కాబట్టి ఏం మారుస్తున్నారో ముందు పేరోల్‌కి (జీతాల విభాగానికి) చెప్పాలి.

లెక్కలపంతులు
పాత విధానం మీకు గిట్టదు, చూడండి. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు మూడింటిలో తక్కువది: వచ్చిన హెచ్‌ఆర్‌ఏ 2,88,000, అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే 2,28,000, బేసిక్‌లో 40 శాతం 2,88,000. అంటే 2,28,000. 2025-26లో హైదరాబాద్‌కి 40 శాతమే, 50 శాతం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే. చాలామంది ఇక్కడే పొరబడతారు.

దీనికి స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ (పీపీఎఫ్ లాంటి పొదుపులకు తగ్గింపు) కింద 1,50,000, ఆరోగ్య బీమా 25,000, వృత్తి పన్ను 2,400 కలిపినా పన్ను సెస్‌తో 1,62,115. కొత్త దానికంటే 49 వేలు ఎక్కువ! మీ జీతానికి అన్ని తగ్గింపులూ కలిపి 6,18,750 దాటితేనే పాత విధానం గెలుస్తుంది. ఇంటి లోను వడ్డీ 2 లక్షలు ఉంటే దాటుతుంది, అది లేకపోతే కష్టం.

కొండాపూర్88
మరి 80సీ, పీపీఎఫ్ ఏవీ కొత్త దాంట్లో చెల్లవా? ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకం) సొంతంగా 50,000 కడితే?

పేరోల్‌డెస్క్
అవేవీ చెల్లవు. సొంతంగా కట్టే 50,000 80సీసీడీ(1బీ) కిందికి వస్తుంది, అది పాత విధానానికే. కొత్త దాంట్లో చెల్లేది 80సీసీడీ(2), అంటే మీ ఖాతాలో కంపెనీ జమ చేసే వాటా. బేసిక్‌లో 14 శాతం దాకా మినహాయింపు ఉంటుంది. (పాత విధానంలో ప్రైవేటు ఉద్యోగులకు 10 శాతమే.)

మీ బేసిక్‌కి 14 శాతం అంటే నెలకు 8,400. అక్టోబరు నుంచి మొదలుపెడితే ఆరు నెలలకు 50,400, పన్ను 7,862 తగ్గుతుంది. మిగతా ఆరు జీతాల్లో కోత నెలకు సుమారు 1,310 తగ్గి 8,115 దగ్గరికి వస్తుంది. వచ్చే ఏడాది మొత్తం కట్టించి, ఇవే స్లాబులుంటే 15,725 మిగులుతుంది.

చేయాల్సింది: ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా నంబరు) తీసుకోండి, టైర్-1 (అసలు పెన్షన్) ఖాతా ఉండాలి. కంపెనీ కార్పొరేట్ ఎన్‌పీఎస్‌లో నమోదై ఉందో హెచ్‌ఆర్‌ని అడగండి. ఉంటే స్పెషల్ అలవెన్స్‌లోంచి 8,400 తీసి యజమాని వాటాగా మార్చమనండి. నమోదు లేకపోతే ఈ దారి మూసుకున్నట్టే, మీరే కట్టి బిల్లు చూపిస్తే కుదరదు. ఇంకో సంగతి, చేతికొచ్చే జీతం నెలకు దాదాపు 7,090 తగ్గుతుంది. ఆ డబ్బు మామూలుగా 60 ఏళ్ల దాకా కదలదు. పన్ను కోసమే అయితే నేను వద్దంటాను, ఎలాగూ రిటైర్మెంట్‌కి దాచుకోవాలనుకుంటే ఇంతకంటే మంచిది లేదు.

నారాయణగూడ_ఫైలింగ్స్
ఎవరూ అడగని ఫారం 12బీఏఏ గురించి చెప్తాను. ఈ ఏడాది 14 లక్షల కారు కొన్నారనుకోండి, 10 లక్షలు దాటింది కాబట్టి షోరూం 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు వసూలు చేసి మీ పేరున కట్టే పన్ను) కింద 14,000 వసూలు చేస్తుంది. ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు కోసిన టీడీఎస్ కూడా ఉంటుంది. ఈ మొత్తాలు 12బీఏఏలో రాసి కంపెనీకి ఇస్తే జీతం కోతలో అంత తగ్గిస్తారు, రిఫండ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎఫ్‌డీ టీడీఎస్ చూపిస్తే ఆ వడ్డీ ఆదాయం కూడా చూపించాలి. ముందుగా 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) ఎంట్రీ కనపడుతోందో లేదో చూసుకోండి. షోరూం వాళ్లు పాన్ తప్పు కొట్టారంటే ఆ డబ్బు మీ పేరున పడదు.

కొండాపూర్88
నా ఫ్రెండ్ జూలైలో కంపెనీ మారాడు, అప్పటి నుంచి కొత్త చోట టీడీఎస్ సున్నా. ఇది బాగానే ఉన్నట్టా?

నారాయణగూడ_ఫైలింగ్స్
అది తగ్గింపు కాదండి, బాకీ. పాత జీతం వివరాలతో ఫారం 12బీ ఇవ్వకపోతే కొత్త కంపెనీ తన దగ్గరి జీతాన్నే లెక్కేస్తుంది. అది స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షల లోపుంటే 87ఏ రిబేటు (పన్ను మాఫీ) ఇచ్చి సున్నా చూపిస్తుంది. చెరో ఆరు నెలలు, చెరో 7 లక్షలు అనుకుంటే ఏడాది పన్ను 81,900. మొదటి కంపెనీ అందులో సగం కోసి ఉంటుంది. మిగతా 40,950ని రిటర్న్ వేళ 234బీ, 234సీ (ముందస్తు పన్ను కట్టనందుకు పడే) వడ్డీలతో కలిపి కట్టాలి. ఇప్పుడే 12బీ ఇవ్వమనండి.

లెక్కలపంతులు
పాత విధానంలో ఉన్నవాళ్లకు జనవరి గండం ఉంది. ఏప్రిల్‌లో ఉజ్జాయింపుగా అన్నీ డిక్లేర్ చేస్తారు, ఆధారాలు అడిగే సమయానికి ఇవ్వరు. అప్పుడు మొత్తం కోత చివరి రెండు మూడు జీతాల మీద పడుతుంది. 12బీబీ ఫారంతో (తగ్గింపుల వివరాలు కంపెనీకి ఇచ్చేది) పాటు అద్దె రసీదులు, లోను వడ్డీకి బ్యాంకు ప్రొవిజనల్ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోండి. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ తప్పనిసరి. ఇవ్వనన్నాడని ఎవరి పాన్ నంబరో వేయకండి, తప్పుడు క్లెయిమ్ అని తేలితే ఎగ్గొట్టిన పన్నుకి రెట్టింపు జరిమానా పడుతుంది.

మియాపూర్_మెట్రో
మధ్యలో విధానం మార్చడానికి పోర్టల్ ఒప్పుకోవడం లేదు. వచ్చే ఏడాది లోను తీసుకుంటే?

పేరోల్‌డెస్క్
చాలా కంపెనీలు ఏప్రిల్ ఎంపికకే తాళం వేస్తాయి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి రిటర్న్‌లో మార్చుకోవచ్చు, తేడా రిఫండ్‌గా వస్తుంది. అయితే గడువులోగా వేయాలి, ఆలస్యంగా వేసే రిటర్న్‌లో పాత విధానం దొరకదు. ఇంకోటి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది, సెక్షన్ నంబర్లు మారతాయి. వచ్చే ఏడాది ఈ పోస్టులు చూసి ఫారాలు అడగకండి, అప్పటి నంబర్లు పేరోల్ దగ్గర కనుక్కోండి.