రిజర్వ్ ఫోమ్ కాంపౌండ్ 100 శాతం మన దగ్గరే ఉండాలా, పక్క టెర్మినల్ సాయం చాలదా?

టెర్మినల్_సేఫ్టీ
మా దగ్గర పెద్దది 40 మీటర్ల వ్యాసం ఉన్న పెట్రోలు ట్యాంకు. లోపల ఫ్లోటింగ్ రూఫ్ ఉన్నా, మొత్తం అంటుకున్నట్టే లెక్క వేశాం. వైశాల్యం 1,256 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు నిమిషానికి 5 లీటర్ల సొల్యూషన్, అందులో 3 శాతం కాంపౌండ్ (నీళ్ళలో కలిపితే నురగ వచ్చే మందు), 65 నిమిషాలు. సుమారు 12,250 లీటర్లు వచ్చింది, అది బ్లాడర్ ట్యాంకుల్లో (లోపల రబ్బరు సంచి ఉండేవి) ఉంది. ఇంకో అంత రిజర్వ్ కొందామని నేను నోట్ పెడితే, పక్క టెర్మినల్‌తో మ్యూచువల్ ఎయిడ్ (పరస్పర సాయం ఒప్పందం) ఉంది కదా, ఎందుకు దండగ అని పైనుంచి తిప్పి పంపారు. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు
ముందు మీ మొదటి లెక్కే ఎక్కువ వేశారు. అమెరికా ఫైర్ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 11 ప్రకారం ట్యాంకుకే బిగించిన ఫిక్స్‌డ్ ఫోమ్ చాంబర్లయితే 4.1 లీటర్లు, పెట్రోలు లాంటి వాటికి 55 నిమిషాలు. అదే ట్యాంకుకు 8,500 లీటర్లు. గొట్టాల కోసం ఇంకో 510 కలుపుకోండి, అంటే మూడు గొట్టాలు, ఒక్కోటి నిమిషానికి 189 లీటర్ల సొల్యూషన్, అరగంట. మీ చేతిలో ఉన్న 12,250లోనే మూడు వేల పైచిలుకు మిగులు ఉంది. రిజర్వ్‌లో మూడో వంతు అక్కడే వచ్చేసింది.

పాత_ఫైర్‌మన్
మాస్టారూ, ఇక్కడ ఆడిట్‌కి వచ్చేది ఓఐఎస్‌డీ (మన దేశంలో చమురు భద్రత చూసే సంస్థ) వాళ్ళు, అమెరికా వాళ్ళు కాదు. 5 అంటే 5, 65 అంటే 65. దాన్ని మిగులు అని మీరు రాసిస్తే సంతకం ఎవరు పెడతారు?

లెక్కల_మాస్టారు
నేను సంతకం సంగతి మాట్లాడలేదు, నిప్పు సంగతి మాట్లాడాను. నిప్పుకి ఓఐఎస్‌డీ తెలియదు.

గోపి_గుంటూరు
నిప్పుకి ఎన్‌ఎఫ్‌పీఏ కూడా తెలియదు సార్ 😀

పాత_ఫైర్‌మన్
అసలు విషయం వదిలేసి 55, 65 పట్టుకున్నారు. నీళ్ళ నిల్వ 4 గంటలకు సరిపడా కట్టమంటారు, ఫోమ్ మాత్రం గంటా ఐదు నిమిషాలకే. మరి 66వ నిమిషంలో ఏం చేస్తారు? ఒక పోయరర్ (ట్యాంకు అంచున నురగ పోసే మూతి) పేలుడుకి వంగిపోయి ఫోమ్ గోడ బయటకే కారిందనుకోండి, మీ 65 నిమిషాల లెక్క ఏమైంది? పక్క టెర్మినల్‌కి ఫోన్ చేస్తారు. ఆయన తన ట్యాంకులు ఖాళీ చేసి పంపుతాడా? మా పక్క డిపోలో చిన్న మంట వచ్చిన రోజు మేము ఫోన్ చేస్తే, పై ఆఫీసు అనుమతి కావాలి అన్నారు. ఆ అనుమతి వచ్చేసరికి మేమే ఆర్పేసుకున్నాం. కాగితం మీద మాత్రం మ్యూచువల్ ఎయిడ్ బ్రహ్మాండంగా ఉంది.

దమ్మాం_రాజు
పాత ఫైర్‌మన్ గారూ, బయటి నుంచి తెచ్చి ఆర్పినవి కూడా ఉన్నాయి. 2001లో అమెరికాలో లూసియానాలోని నార్కో దగ్గర ఒరియన్ పెట్రోలు ట్యాంకు, 82 మీటర్లది, మొత్తం అంటుకుంటే ఫోమ్ అంతా పోగేసుకుని మొదలుపెట్టి 65 నిమిషాల్లో ఆర్పారు. అక్కడ ఎవరూ 100 శాతం రిజర్వ్ పెట్టుకుని కూర్చోలేదు.

పాత_ఫైర్‌మన్
రాజు బాబూ, నువ్వే చెప్పావు, *పోగేసుకుని* మొదలుపెట్టారు. గంటల తరబడి చల్లబరుస్తూ ఆగి, సరుకంతా చేరాకే మానిటర్లు (దూరం నుంచి నురగ కొట్టే పెద్ద నాజిల్‌లు) తెరిచారు. మన దగ్గర ఫిక్స్‌డ్ పోయరర్లు, అలారం మోగిన ఐదో నిమిషానికి వాల్వు తిప్పేస్తాం. సగంలో కాంపౌండ్ అయిపోతే పరిచిన నురగ కూడా కరిగిపోతుంది, మళ్ళీ మొదటికే. అందుకే రెండో దాడికి సరుకు గేటు లోపలే ఉండాలి.

లెక్కల_మాస్టారు
రెండో దాడి అని రూల్‌లో ఎక్కడుంది చూపించండి. ఎన్‌ఎఫ్‌పీఏ 11లో రిజర్వ్ అంటే, వాడేసిన తర్వాత సిస్టమ్‌ని మళ్ళీ సిద్ధం చేయడానికి. అది డ్రమ్ముల్లో మీ దగ్గరే ఉండొచ్చు, లేదా 24 గంటల్లో బయటి నుంచి వచ్చేలా ఆమోదం ఉన్న ఏర్పాటు ఉన్నా చాలు. మంట ఆరిన మర్నాడు సంగతి అది. మీరు దాన్ని మంట మధ్యలోకి లాక్కొస్తున్నారు.

కొత్తగా_చేరా
డౌట్ అండి, రిజర్వ్ 200 లీటర్ల డ్రమ్ముల్లో పెడితే మంట జరుగుతుండగా ఎలా ఎక్కిస్తారు?

టెర్మినల్_సేఫ్టీ
ఇది మంచి ప్రశ్న. మా సిస్టమ్ నిమిషానికి 188 లీటర్లు లాగుతుంది. అంటే నిమిషానికి దాదాపు ఒక డ్రమ్ము. 12,250 అంటే 62 డ్రమ్ములు. చేతి పంపుతో ఎక్కించే పని కాదు. పైగా బ్లాడర్ ట్యాంకును ప్రెజర్ దించి, లోపలి నీళ్ళు వదిలేసి మెల్లగా నింపాలి. అది మంట మధ్యలో జరగదు.

లెక్కల_మాస్టారు
చూశారా! షెడ్డులో 62 డ్రమ్ములు పేర్చి, రెండో దాడికి సిద్ధం అని బోర్డు పెట్టుకోవడమే మీ రిజర్వ్.

పాత_ఫైర్‌మన్
డ్రమ్ముల్లో పెట్టమని నేనెక్కడ అన్నాను? పక్కన ఇంకో ట్యాంకు, ట్రాన్స్‌ఫర్ పంపు, రెండో ప్రపోర్షనర్ (కాంపౌండ్‌ని నీళ్ళలో సరైన పాళ్ళలో కలిపేది) పెట్టుకోవాలి. అదీ ఒకే షెడ్డులో కాదు. 2009లో జైపూర్ సీతాపుర ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌లో ఏం జరిగింది? ఆవిరి మేఘం పేలగానే ఫైర్ పంప్ హౌసే పోయింది. నీళ్ళు లేవు, ఫోమ్ ఉన్నా లాభం లేదు. 11 మంది పోయారు, 11 ట్యాంకులు రోజుల తరబడి కాలాయి. మంటకు దగ్గర్లో పేర్చిన రిజర్వ్, రిజర్వే కాదు.

లెక్కల_మాస్టారు
జైపూర్ మీ వాదనకి కాదు, నా వాదనకి పనికొస్తుంది. పంపు పోతే రెండింతల కాంపౌండ్ ఏం చేస్తుంది? ఆ డబ్బుతో ముందు ట్యాంకు పొంగకుండా గేజింగ్, రిమోట్ వాల్వులు పెట్టుకోవాలి. ఊరికే లీటర్లు, లీటర్లు అంటారు.

పాత_ఫైర్‌మన్
ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలికే.

లెక్కల_మాస్టారు
ఏసీ గదా? సరే వినండి. పదేళ్ళ కిందట ఇలాగే ఒక పెద్దమనిషి పట్టుబడితే 100 శాతం రిజర్వ్ ఇండెంట్ మీద సంతకం పెట్టింది నేనే. ఆల్కహాల్‌కి తట్టుకునే రకం, ఖరీదైనది. రేకుల షెడ్డులో పెట్టారు, ఎండాకాలంలో లోపల చెయ్యి పెట్టలేం. ఎవరూ ఏటా శాంపిల్ తీసి టెస్టు చేయించలేదు. మూత తీస్తే పైన మీగడలా తెట్టు కట్టి, అడుగున ముద్ద. విచారణ నా మీద. షెడ్డు వేసినవాడి మీద కాదు, టెస్టు మానేసినవాడి మీద కాదు. రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. ఇప్పుడు మళ్ళీ 12 వేల లీటర్లు కొనండి అని తేలిగ్గా రాస్తారు. మంట రాకపోతే దాని వయసుకి జవాబు చెప్పేది ఎవరు?

పాత_ఫైర్‌మన్
ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా మాస్టారూ. నా బాధ వేరు. అయిపోయాక కొనుక్కోవచ్చులే అన్నవాడు మంట దగ్గరకి రాడు, మేమే వెళ్ళాలి. కాంపౌండ్ అయిపోయింది అని గేజ్ చూసి చెప్పినప్పుడు ట్యాంకు దగ్గర నిలబడింది నా కుర్రాళ్ళు.

గోపి_గుంటూరు
అంటే ఇద్దరూ ఫోమ్ గురించి కాదు, తర్వాత ఎవరి మెడకి చుట్టుకుంటుందో దాని గురించి కొట్టుకుంటున్నారు.

దమ్మాం_రాజు
ఇంకో మాట. టెర్మినల్ అన్నా, మీ దగ్గర ఇథనాల్ ట్యాంకు ఉందా? 20 శాతం కలుపుతున్నారు కాబట్టి ఉండే ఉంటుంది. మామూలు ఏ-ట్రిపుల్-ఎఫ్ (పెట్రోలు మంటలకి వాడే మామూలు ఫోమ్) ఇథనాల్ మీద నిలవదు, ఇథనాల్ నురగలో నీళ్ళు లాగేసుకుంటుంది. ఆల్కహాల్ రకమే కావాలి. కొన్ని రకాలు పెట్రోలుకి 3 శాతం, ఇథనాల్‌కి 6 శాతం. 6 అయితే ఆ ట్యాంకుకి లీటర్లు రెట్టింపు. పక్క టెర్మినల్ దగ్గర ఉన్నది ఏ రకం? వేరే కంపెనీ సరుకు మీ బ్లాడర్‌లో కలపకూడదు. వాళ్ళ ఫోమ్ టెండర్‌ (ఫైరింజన్‌) తో వాళ్ళు విడిగా నురగ కొట్టొచ్చు, అది వేరే సంగతి.

టెర్మినల్_సేఫ్టీ
ఇథనాల్ ట్యాంకు ఉంది, 12 మీటర్లది. ఇప్పుడే పక్క టెర్మినల్‌లో మిత్రుడికి ఫోన్ చేశాను. వాళ్ళది మొత్తం మామూలు రకమేనట. మా ఒప్పందంలో లీటర్లు రాసి ఉన్నాయి గానీ రకం రాయలేదు.

లెక్కల_మాస్టారు
అయితే పెట్రోలు ట్యాంకు రిజర్వ్ సంగతి పక్కన పెట్టి, ముందు ఆ 12 మీటర్ల ట్యాంకుకి ఆల్కహాల్ రకం మీ దగ్గరే రెండింతలు పెట్టించండి. చిన్న ట్యాంకే కాబట్టి ఖర్చు తక్కువ. ఏటా టెస్టు ఎవరు చేయించాలో పేరుతో సహా నోట్‌లో రాయండి. పెద్ద ట్యాంకుకి 24 గంటల సప్లై కాంట్రాక్టు, రకం పేరుతో.

పాత_ఫైర్‌మన్
దానికి ఒప్పుకుంటాను. పెద్ద ట్యాంకుకి మాత్రం ఒప్పుకోను. ట్రాన్స్‌ఫర్ పంపు అయినా అడగండి.

లెక్కల_మాస్టారు
పంపు అడగండి, కాదనను. కానీ 65 మాత్రం ఇప్పటికీ ఎక్కువే.